ఫ్లాస్కు నుంచి ఫర్మెంటర్ దాకా ఎలా నేర్చుకోవాలి?
అందరికీ నమస్తే అండి, నాది బీఎస్సీ మైక్రోబయాలజీ, అయిపోయి ఏడాదైంది, నూకలతో ఇథనాల్ తీసే ప్లాంట్లోనో, హైదరాబాద్ దగ్గర బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలోనో ఫర్మెంటేషన్ (సూక్ష్మజీవులతో పులియబెట్టే) పని చేయాలని గట్టిగా ఉంది. 2024 ఆగస్టులో కేంద్రం బయోటెక్ తయారీని ప్రోత్సహించే బయోఈ3 పాలసీ ఓకే చేసినప్పటి నుంచి ఈ ఆశ ఇంకా పెరిగింది. నూకల్లోని పిండిపదార్థాన్ని ఎంజైములు చక్కెర చేస్తాయి, ఈస్ట్ దాన్ని ఆల్కహాల్ చేస్తుంది, అక్కడిదాకా ఓకే. కానీ 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో బాగా పెరిగింది వేల లీటర్ల ట్యాంకులో, అంటే ఫర్మెంటర్లో, ఎందుకు మొరాయిస్తుంది, లోపల పుట్టే వేడిని ఎలా లాగేస్తారు, గాలి కావాల్సిన సూక్ష్మజీవులకి అడుగుదాకా ఆక్సిజన్ ఎలా అందుతుంది, ఇవేవీ కాలేజీలో చెప్పలేదు, ఫర్మెంటర్ని కళ్ళతో చూడనేలేదు. లెక్కల్లో వీక్, లోపలికి ఎంత పదార్థం వెళ్ళింది, బయటికి ఎంత వచ్చింది అని సరిచూసే మాస్ బ్యాలెన్స్ దగ్గరే ఆగిపోతున్నా. ముందు ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటెల్‌లో బయోప్రాసెస్ కోర్సు చేయాలా, లేక జీతం తక్కువైనా ప్లాంట్లో అప్రెంటిస్‌గా చేరిపోవాలా? ఈ ఫీల్డులో ఉన్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే మీరెలా మొదలుపెట్టారో కాస్త చెప్పండి ప్లీజ్.