సామంతుడు, దండనాయకుడు ఎదురుపడితే ఎవరు ఎవరికి దండం పెట్టాలి? రోల్‌ప్లేలో హోదాల గురించి మీ అనుభవాలు చెప్పండి

హనుమకొండ_పాచికలు:
ఆదివారం సాయంత్రాలు మేం ఆరుగురం మా మేడ మీద గదిలో రోల్‌ప్లే ఆడతాం, అంటే తలా ఒక పాత్ర వేస్తూ పాచికలతో కథ నడిపించే ఆట. ఓరుగల్లు లాంటి ఒక కల్పిత రాజ్యం, గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపేవాణ్ణి, నేను. ఇంగ్లీషు రూల్‌బుక్‌లో డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్ అని ఐదు మెట్లున్నాయి. నేను వాటికి వరసగా మహామండలేశ్వరుడు, మండలేశ్వరుడు, సామంతుడు, దండనాయకుడు, నాయకుడు అని పేర్లు పెట్టేశాను. మొన్న సామంతుడి పాత్ర వేసే తమ్ముడు "అన్నా, దండనాయకుడు ఎదురొస్తే నేను దండం పెట్టాలా, ఆయన నాకు పెట్టాలా?" అని అడిగాడు. రూల్‌బుక్ ప్రకారం సామంతుడే పెద్ద, కానీ సైన్యమంతా దండనాయకుడి చేతిలో ఉంది. ఏం చెప్పాలో తెలియక ఇరవై నిమిషాలు ఆట ఆగింది. మీరు ఎలా నడిపిస్తున్నారు?

శాసనాల_దారి:
మెట్టుకు మెట్టు అతికించడం దగ్గరే చిక్కొచ్చింది అన్నా. పదవి వేరు, హోదా వేరు, బిరుదు వేరు. దండనాయకుడు, సాహిణి (గుర్రాలు, ఏనుగుల దళాధికారి), ప్రెగ్గడ (మంత్రి) అంటే చేసే పని. సామంతుడు, మండలేశ్వరుడు అంటే నేల మీద హక్కు, పైనున్న రాజుతో సంబంధం. 'చలమర్తిగండ', 'రాయగజకేసరి' లాంటివి బిరుదులు. ఒకే మనిషికి మూడూ ఉండొచ్చు. జాయప కాకతీయ రాజు గణపతిదేవుడి ఏనుగుల దళానికి అధిపతి, 1253-54లో నృత్తరత్నావళి రాసిందీ ఆయనే. గంగయ సాహిణి 'బాహత్తర నియోగాధిపతి', అంటే 72 నియోగాల (పాలనా విభాగాల) మీద పెద్ద. వీళ్లు ఎర్లా, బారనా అంటే ఏమీ తేలదు.

ఇంగ్లండులోనూ ఆ ఐదు మెట్లు ఒక్కరోజున కట్టినవి కావు. అక్కడ మొదటి డ్యూక్ 1337లో వస్తే, వైకౌంట్ 1440 దాకా లేడు. డ్యూక్ అనే మాటకు మూలం లాటిన్ 'డుక్స్', సైన్యాన్ని నడిపేవాడని. పుట్టుకలో అది మన దండనాయకుడే.

ఇంకొకటి. వేయిస్తంభాల గుడి దగ్గరున్న 1163 నాటి శాసనం చూడండి. కాకతీయ రుద్రదేవుడు చాళుక్యుల నీడ నుంచి బయటపడి స్వతంత్రుడయ్యాడని చరిత్రకారులు చూపించేది దాన్నే. అందులోనూ ఆయన 'మహామండలేశ్వర'. 'పతిహితచరిత' అని కూడా ఉంది, అంటే ఏలికకు మేలు చేసేవాడు. ఏలిక పోయాడు, పాత మాట ఉండిపోయింది. పేరు చూసి బలం అంచనా వేయొద్దని మీ ఆటగాళ్లకు ఈ ఒక్క శాసనంతో చెప్పొచ్చు.

మట్టెవాడ_మామ:
అదే శాసనంలో 'సమధిగత పంచమహాశబ్ద' అని కూడా ఉంటుంది. ఐదు వాద్యాలు మోగించుకునే గౌరవం పొందినవాడని అర్థం. శృంగం, తమ్మట, శంఖం, భేరి, జయఘంట అని ఒక జాబితా ఉంది. మేం దీన్ని ఆటలో పెట్టి చూశాం. స్టీలు పళ్లెం, గరిటె, బిందె, పూజగదిలో గంట, ఒకతను నోటితో శంఖం. ఆ హక్కున్న పాత్ర వచ్చిన ప్రతిసారీ ఐదూ మోగాలి. నాలుగో ఆటలో రాజు ఒక పాత్ర మీద కోపంతో ఆ హక్కు తీసేశాడు. తర్వాత ఆ అబ్బాయి సభలోకి వస్తుంటే గదిలో చప్పుడు లేదు. పళ్లెం ముందు కూర్చున్న పిల్ల గరిటె ఎత్తి, గుర్తొచ్చి మెల్లగా కింద పెట్టింది. అవమానం ఏంటో అందరికీ అర్థమైంది. నేను ఒక్క మాట కూడా వర్ణించలేదు.

కాజీపేట_జంక్షన్:
మాది నాయంకర పద్ధతి. రాజు ఊళ్లు ఇస్తాడు, వాటి ఆదాయంతో నాయకుడు ఇంత సైన్యం పోషించాలి. ఊళ్లు సొంతం కావు, రాజు వెనక్కి తీసుకోవచ్చు. ఒక్కొక్కరికి మూడు ఊళ్లు, నలభై మంది బంట్లు ఇచ్చాను. ఒకతను డబ్బంతా మిగుల్చుకుని, తనిఖీ రోజున రైతుల కొడుకులకు ఈటెలిచ్చి నిలబెట్టాడు. తనిఖీ గడిచిపోయింది. రెండు వారాల తర్వాత ముట్టడి వచ్చింది. కోటకు 77 బురుజులు, ఒక్కో బురుజుకు ఒక్కో నాయకుడు అని ప్రతాపరుద్రుడి కథల్లో వింటాం కదా, అలాగే పంచాను. అతని బురుజు దగ్గరే గోడ పడింది. ఆ రైతు పిల్లల పేర్లు నేను ముందే రాసి పెట్టుకున్నాను, ఒక్కొక్కటే చదివాను. అతను చాలాసేపు పాచిక ముట్టలేదు.

హనుమకొండ_పాచికలు:
మామా, పంచమహాశబ్దం మేమూ పెడతాం. ఇంకో సందేహం. పిలుపుల సంగతేంటి? 'మై లార్డ్' అని ఉన్నచోటల్లా మా వాళ్లు 'దొరా' అంటున్నారు.

జనగామ_జాహ్నవి:
దీని మీద నాకు గట్టిగా చెప్పాలని ఉంది. మా టేబుల్ మీద 'దొరా' అనే మాట లేదు. మొదట్లో ఉండేది. ఒక రోజు ఆట మా ఇంట్లో పెట్టుకున్నాం. ఒక అబ్బాయి పాత్రలో లీనమై "నీ బాంచన్ దొరా" (నీ బానిసను దొరా) అంటూ వంగాడు. వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న మా నాయనమ్మ లేచి వచ్చి గడపలో నిలబడింది. ఏమీ అనలేదు, మమ్మల్నే చూస్తూ నిలబడింది. చిన్నప్పుడు గడికి (దొర కోటలాంటి ఇంటికి) వెట్టికి పోయిన మనిషి. వాళ్లమ్మ పసిపిల్లను ఇంట్లో ఏడ్వనిచ్చి దొర ఇంటి వడ్లు దంచడానికి పోయేదని అప్పుడే మొదటిసారి చెప్పింది. ఇది పుస్తకంలో మాట కాదు, మన ఇళ్లల్లో ఇంకా బతికున్నవాళ్లు పలికిన మాట. నిజంగా దొరల కాలం మీదే ఆట పెడితే ఆ బరువు తెలిసి వాడండి. కల్పిత రాజ్యానికైతే 'దేవరా', 'ఏలికా' ఉన్నాయి.

ఆడపిల్లలు రాజు పాత్ర వేస్తే 'రాణిగారూ' అనే అలవాటు కూడా మానేశాం. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు. మా టేబుల్ మీద సింహాసనం మీద ఎవరున్నా మహారాజే.

కరీంనగర్_ఖిస్సా:
అక్కా, బాంచన్ సంగతి మా ఇంట్లోనూ అంతే.
మేం నిజాం కాలం ఆడుతున్నాం. అక్కడ బిరుదుల మెట్లు కింది నుంచి పైకి స్పష్టం: జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జాహ్. ఖితాబు (బిరుదు) వస్తే మనిషి పేరే మారిపోతుంది. మీర్ తురాబ్ అలీ ఖాన్ అంటే ఎంతమందికి తెలుసు, సాలార్ జంగ్ అంటే అందరికీ తెలుసు. మా ఆటలో ఖితాబు రాగానే క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) మీద పాత పేరు కొట్టేసి కొత్తది రాస్తాం. 1949లో జాగీర్లు రద్దయ్యే ఘట్టంతో మా కథ ముగిసింది. పేర్లు మిగిలాయి, ఊళ్లు పోయాయి.

శాసనాల_దారి:
పేరు మార్చుకోవడం అంటే కాపయ నాయకుడు గుర్తొచ్చాడు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ చేతికి పోయింది, 1336లో ఆయన తిరిగి గెలిచాడు. పెట్టుకున్న బిరుదు 'ఆంధ్ర సురత్రాణ'. సురత్రాణ అంటే సుల్తానే, సంస్కృతంలోకి మార్చుకున్నారు. ఓడించినవాడి బిరుదునే తెచ్చుకోవడం మీ ఆటలో ఏ ఆటగాడికైనా బాగా పనికొస్తుంది.

హనుమకొండ_పాచికలు:
నిన్న ఆడాం. ఐదు మెట్ల కాగితం తీసేశాను. సామంతుడికి తాతల నాటి నేల, పంచమహాశబ్దం. దండనాయకుడికి రాజముద్ర, సైన్యం. ఎవరి నేల మీద వాళ్లది పైచేయి అని మాత్రం చెప్పి వదిలేశాను. రాజధానికి రమ్మని దండనాయకుడు కబురు పంపాడు. వెళ్తే తానే దండం పెట్టాలని తమ్ముడికి తెలుసు, వెళ్లలేదు. నువ్వే మా కోటకు రా అన్నాడు. అతనూ రాలేదు. మూడు కబుర్లు అటూ ఇటూ తిరిగాక ఇద్దరూ సరిహద్దులో ఒక చెరువు కట్ట మీద కలవడానికి ఒప్పుకున్నారు. ఆ చెరువు గుడిది, ఇద్దరిదీ కాదు. సామంతుడు తన వాద్యాలు కట్ట కింద ఆపించాడు, దండనాయకుడు ముద్ర ఉంగరం తీసి బంటు చేతికిచ్చాడు. కట్ట మీద ఇద్దరూ ముందు గుడివైపు తిరిగి దండం పెట్టి, తర్వాత మాట్లాడుకున్నారు.