లుక్కాలో బస చేయాలా, పీసాతో కలిపి ఒక పూటలో చూసి రావాలా?

వైట్‌ఫీల్డ్ వాసి (బెంగళూరు):

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో అమ్మానాన్నలను ఇటలీ తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాం. ఇక్కడి ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన పట్టికలో ఫ్లారెన్సు నుంచి బయలుదేరి, పొద్దున పీసా వాలుగోపురం, మధ్యాహ్నం లుక్కా చూసుకుని రాత్రికి తిరిగి ఫ్లారెన్సు చేరాలని ఉంది. లుక్కా కోటగోడ చెక్కుచెదరకుండా నిలిచిన ఊరు కనుక అక్కడే బస చేద్దామని నాన్నగారి కోరిక. ఆయనకు మోకాళ్ళ నొప్పి. మెట్లు ఎక్కలేరు కానీ చదునైన దారిలో నెమ్మదిగా చాలా దూరం నడుస్తారు. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. చుట్టుపక్కల పల్లెలూ చూడాలని ఉంది, అయితే కారు నడిపే ఉద్దేశం మాకు లేదు. వెళ్ళివచ్చినవారు దయచేసి సలహా ఇవ్వండి.

జయనగర్ బాటసారి (బెంగళూరు):

మీ నాన్నగారి మాటే వినండి. ఆ ఊరి అసలు విశేషం గోడ; దాని మీద నడవవలసింది ఎండ లేని వేళల్లో, అంటే పొద్దున్నే, మళ్ళీ సాయంత్రం. ఆ రెండు వేళల్లోనూ పీసా నుంచి వచ్చే యాత్రికుడు అక్కడ ఉండడు.

16వ శతాబ్దం మొదట్లో మొదలుపెట్టిన ఈ గోడ పూర్తయ్యేసరికి 17వ శతాబ్దం సగానికి వచ్చింది. ఫిరంగుల కాలంలో ఎత్తైన సన్నని రాతిగోడలు నిలవవని తెలిసిపోయింది కనుక, వెలుపల ఇటుక పేర్చి, లోపల మట్టిని దట్టంగా కూరి, బురుజులను ముందుకు పొడుచుకువచ్చేలా కట్టారు; గుండు వచ్చి తగిలితే ఆ దెబ్బను మట్టి మింగేస్తుంది. అంత వెడల్పుగా కట్టబట్టే ఈనాడు గోడపైన చెట్ల నీడన నాలుగు కిలోమీటర్లకు పైగా ఊరిని పూర్తిగా చుట్టిరాగలుగుతున్నాం. అప్పటి పొరుగు రాజ్యమైన ఫ్లారెన్సుకు భయపడి కట్టుకున్న ఈ కోటను ఏ సైన్యమూ ముట్టడించలేదు. 1812లో సెర్చియో నది పొంగినప్పుడు మాత్రం ద్వారాలు మూసి ఊరిని వరద పాలుకాకుండా కాపాడుకున్నారు. నాకు ఈ సంగతి తెలిశాక ఆ గోడ మీద గౌరవం రెట్టింపయింది.

పైకి వెళ్ళడానికి చాలాచోట్ల వాలుదారులున్నాయి కనుక నాన్నగారికి ఇబ్బంది ఉండదు. లాల్‌బాగ్‌లో మన పెద్దవాళ్ళు నడిచినట్టే అక్కడి పెద్దలూ రోజూ నడుస్తూ, బెంచీల మీద కూర్చుని మాట్లాడుకుంటూ కనిపిస్తారు. గ్వినీజి గోపురానికి మాత్రం లిఫ్టు లేదు, రెండు వందలకు పైగా మెట్లు. దాని తలపైన పెరిగిన చెట్లు కింద వీధిలోంచే కనిపిస్తాయి.

సాన్ మార్తీనో కేథడ్రల్‌కు తీరికగా వెళ్ళండి. వసారా స్తంభం మీద ఒక చిన్న చిక్కుదారి చెక్కి ఉంది. శతాబ్దాలుగా జనం దాని గాళ్ళ వెంట వేళ్ళు నడిపించీ నడిపించీ నడుమ ఉండే బొమ్మలు పూర్తిగా అరిగిపోయాయి. లోపల 1405లో చిన్న వయసులోనే కన్నుమూసిన ఇలారియా (అప్పటి లుక్కా ప్రభువు భార్య) సమాధి ఉంది. యాకోపో దెల్లా క్వెర్చా చెక్కిన ఆ పాలరాతి విగ్రహం పాదాల దగ్గర ఒక కుక్క తల పైకెత్తి ఆమె ముఖంకేసి చూస్తూ ఉంటుంది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు.

అడయార్ నుంచి (చెన్నై):

పల్లెల సంగతి నేను చెబుతాను. కారు లేకపోవడమే మంచిది, ఎందుకంటే గోడ లోపల చాలా వీధుల్లోకి బయటి కార్లను రానివ్వరు. రైల్వే స్టేషను దక్షిణపు గోడకు ఎదురుగానే ఉంది. అక్కడినుంచి ఔల్లా వైపు వెళ్ళే చిన్న రైలు సెర్చియో లోయ వెంబడి గార్ఫాన్యానా కొండల్లోకి సాగుతుంది. బోర్గో ఆ మొత్సానో దగ్గర నడుం వంచిన వింటిలా లేచిన మధ్యయుగపు రాతివంతెన ఉంది. దాన్ని దయ్యం కట్టిందని స్థానికులు కథ చెబుతారు. రైలుమార్గం వేసినప్పుడు ఆ వంతెనకే మరో కమాను కలిపి, పట్టాలను దాని కిందుగా పోనిచ్చారు. స్టేషను నుంచి కొంత నడవాలి, వంతెన వీపు నిటారుగా ఉంటుంది కనుక నాన్నగారు ఒడ్డునుంచి చూస్తే చాలు.

దగ్గరలోనే చాలనుకుంటే మార్లియాలోని విల్లా రెయాలె తోటలకు టాక్సీలో వెళ్ళండి. నెపోలియన్ చెల్లెలు ఎలీజా లుక్కాను ఏలిన రోజుల్లో కొనుక్కున్న భవనం అది.

మల్లేశ్వరం వంటిల్లు (బెంగళూరు):

భోజనం గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను. అక్కడ ఫార్రో అనే గోధుమజాతి గింజతో చేసే చిక్కని సూప్ చాలా ప్రసిద్ధి, కానీ అందులో తరచుగా పంది మాంసం వేస్తారు. తోర్దెల్లి కూడా మాంసం కూరిన పాస్తాయే. పార్మిజానో జున్నును (చీజ్) దూడ పొట్టలోని రెన్నెట్‌తోనే, అంటే పాలను విరగ్గొట్టే పదార్థంతోనే చేస్తారు. అమ్మగారికి ఈ పట్టింపు ఉంటే ముందే తెలియాలి. నిశ్చింతగా తినగలిగినవి చెచీనా, కాస్తాన్యాచ్చో. మొదటిది శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పొయ్యిలో కాల్చే పెద్ద అట్టు. రెండోది చెస్ట్‌నట్ పిండితో చేసేది, గుడ్డు పడదు. సోంపు వాసన వచ్చే బుచ్చెల్లాతో రొట్టెలో గుడ్డు ఉందేమో అడిగే కొనండి. వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంటు గోడ లోపల తీసుకుంటే పెద్దవాళ్ళకు రోజుకొక పూటైనా అన్నం పెట్టగలుగుతారు.

వైట్‌ఫీల్డ్ వాసి:

ఇంత వివరంగా చెప్పినందుకు మీకందరికీ కృతజ్ఞతలు. లుక్కాలోనే ఉంటాం. సెప్టెంబరులో ఫలానా తేదీలు మేలని ఏమైనా ఉందా?

జయనగర్ బాటసారి:

13వ తేదీ రాత్రి తప్పకుండా అక్కడ ఉండండి. కేథడ్రల్‌లోని చెక్క శిలువమూర్తికి ఏటా ఆనాడు ఉత్సవం. వీధుల వెంట ఇళ్ళకు వరుసగా దీపాలు పెట్టి, సాన్ ఫ్రెదియానో చర్చి నుంచి కేథడ్రల్ దాకా ఊరేగింపుగా నడుస్తారు. ఆ రోజులకు గదులు త్వరగా అయిపోతాయి కనుక, రద్దు చేసుకునే వీలున్న గదిని వీసా దరఖాస్తుకు ముందే తీసిపెట్టుకోండి. అక్కడి ప్రాంతీయ రైళ్ళకు కాగితం టికెట్టు కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. లేకపోతే జరిమానా కట్టవలసి వస్తుంది.