ఐరిష్ సంప్రదాయ సంగీతంలో మీ అభిమాన బృందాలు, వాద్యకారులు ఎవరు?

వాన_వేణువు

ఈమధ్య ఐరిష్ సంప్రదాయ సంగీతం తెగ వింటున్నాను. చీఫ్‌టెన్స్ బృందంతో మొదలైంది, ఆ తర్వాత యూట్యూబ్ ఏది చూపిస్తే అది. వింటున్నంతసేపూ హుషారుగానే ఉంటుంది కానీ ఒక ట్యూన్‌కీ ఇంకో ట్యూన్‌కీ తేడా పట్టుకోలేకపోతున్నాను, అరగంట అయ్యేసరికి అంతా ఒకటే పాట సాగుతున్నట్టు అనిపిస్తోంది. టాప్ టెన్ జాబితాలు వద్దండీ, అవి ఎక్కడైనా దొరుకుతాయి. మీకు నిజంగా ఇష్టమైనవాళ్ళు ఎవరు, వాళ్ళ వాయింపులో దేన్ని పట్టుకుని వినాలి, అది చెప్పండి. గ్లాసులెత్తి కోరస్‌గా పాడే రకం నాకు అంతగా ఎక్కదు, వాద్యాలైతే మేలు.

ఎడమచేతి_ఫిడేలు

బోతీ బ్యాండ్. ఇందులో ఆలోచించడానికేం లేదు. 1975 నుంచి 1979 దాకా ఉన్నారు, ఆ కాస్త టైములోనే తర్వాత వచ్చినవాళ్ళందరికీ దారి వేసి పోయారు. ప్యాడీ కీనన్ పైప్స్ (సంచిలో గాలి నింపి వాయించేవి), మ్యాట్ మలాయ్ ఫ్లూట్, ఫిడేలు మొదట టామీ పీపుల్స్, తర్వాత కెవిన్ బర్క్. ముగ్గురూ ఒకే స్వరం పట్టుకుని దూసుకుపోతుంటారు, కింద డోనల్ లన్నీ బుజూకీ (పొడుగు మెడ తీగల వాద్యం), మీహాల్ ఓ డోనల్ గిటారు, ఆయన చెల్లెలు ట్రీనా క్లావినెట్ (ఎలక్ట్రిక్ కీబోర్డు) కలిసి ఒక ఇంజన్ నడుపుతుంటారు.

అంతా ఒకటే అనిపించడానికి కారణం చెప్తాను. ఒక్కో ట్యూన్‌లో సాధారణంగా రెండు భాగాలు, ఒక్కోటి ఎనిమిది బార్లు (మన తాళంలో ఆవర్తాల్లాంటివి), ఒక్కోదాన్ని రెండేసి సార్లు వాయిస్తారు, మొత్తం 32 బార్లు. రీల్ (గబగబా సాగే డాన్సు ట్యూన్) వేగంలో అది అర నిమిషం పైచిలుకులో అయిపోతుంది. మొత్తాన్ని రెండు మూడు సార్లు తిప్పి, ఆపకుండా వేరే ట్యూన్‌లోకి దూకుతారు. ఆ దూకుడు కోసం చెవి పెట్టి కూర్చోండి. బోతీ బ్యాండ్ వాళ్ళ దగ్గర అది తెలిసిపోతుంది, చాలాసార్లు శ్రుతి మారుతుంది, ఒళ్ళు జలదరిస్తుంది.

నెమ్మది_రైలు

పైన చెప్పిన బ్యాండ్ గొప్పదే, కాదనను. కానీ ఇప్పటికే అన్నీ కలగాపులగంగా వినబడుతున్న మనిషికి ముందే ఆ వేగం ఇస్తే ఎలాగండీ? మార్టిన్ హేస్‌తో మొదలుపెట్టమంటాను నేను. క్లేర్ కౌంటీ తూర్పు భాగం మనిషి, వాళ్ళ నాన్న పి.జె. హేస్ టల్లా కేలీ బ్యాండ్‌లో (కేలీ అంటే ఊరి డాన్సు) ఫిడేలు వాయించేవాడు. ఆ ప్రాంతం వాయింపే కాస్త నిదానం, కాస్త దిగులు. దాన్ని హేస్ ఇంకా నెమ్మది చేసి, అందరూ పరుగెత్తించే రీల్‌ని ఒక్కో స్వరం విప్పి చూపిస్తాడు. పక్కన షికాగో గిటారిస్టు డెనిస్ కాహిల్ (2022లో పోయాడు), రెండు మూడు తీగలు మాత్రమే కదిపి ఊరుకునేవాడు. అంత తక్కువ వాయించి అంత పని చేసిన ఇంకో గిటారిస్టు నాకు తెలీదు.

1999లో వచ్చిన వాళ్ళ సియాటిల్ కచేరీ ఆల్బంలో దాదాపు అరగంట సాగే ఒక వరస ఉంది. మెల్లగా మొదలై ఎప్పుడు వేగం పుంజుకుందో కూడా తెలియదు. తర్వాత 2011లో వీళ్ళిద్దరూ షాన్ నోస్ (వాద్యాలు లేకుండా ఒంటరిగా పాడే పాత ఐరిష్ పద్ధతి) గాయకుడు ఇయర్లా ఓ లినార్డ్ వాళ్ళతో కలిసి గ్లోమింగ్ అని ఒక బృందం పెట్టారు, పియానో కూడా ఉంటుంది. సంప్రదాయవాదులు కొందరు ముక్కు విరుస్తారు, విరవనీయండి.

పాత_రికార్డు

బ్యాండ్లు, బ్యాండ్లు. అసలు నాలుగైదు వాద్యాలు ఇలా వేదికెక్కి కచేరీ చేయడమే నిన్నమొన్నటి పద్ధతి. 1960లలో షాన్ ఓ రియాడా అనే స్వరకర్త ఆ దారి తెరిచాడు, ఆయన బృందంలో ఉన్న ప్యాడీ మొలోనీయే 1962లో చీఫ్‌టెన్స్ పెట్టాడు. అంతకుముందు ఇది ఒంటరి వాద్యకారుల సంగీతం, లేదంటే డాన్సుకి వాయించేది.

మైకేల్ కోల్‌మన్ పేరు ఎవరూ ఎత్తలేదేంటి! స్లైగో ఫిడేలర్, 1914లో అమెరికా వెళ్ళాడు, 1920లలో న్యూయార్క్‌లో ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులు తిరిగి ఐర్లండ్‌కి వచ్చాయి. వచ్చి ఏం చేశాయంటే, కుర్రాళ్ళంతా సొంత ఊరి బాణీ వదిలేసి స్లైగో బాణీ ఎత్తుకున్నారు. గొప్పా నష్టమా అన్న గొడవ ఇంకా తెగలేదు, నన్నడిగితే రెండూ. పియానో మాత్రం భరించాలి, కొన్ని రికార్డుల్లో పక్కన కూర్చున్న ఆసామికి ట్యూన్ ఏ శ్రుతిలో ఉందో కూడా పట్టలేదు. అయినా కోల్‌మన్ చలించడు, కమాను అలా జారిపోతూనే ఉంటుంది. 

దీని పక్కనే డోనెగాల్ ఫిడేలర్ జానీ డోహర్టీని పెట్టి వినండి. ఊరూరా తిరిగి తగరపు పని చేసుకున్న కుటుంబం. కమాను పొట్టిపొట్టిగా, ఒక్కో స్వరానికి ఒక్కో దెబ్బ. స్లైగో నునుపు, డోనెగాల్ గరుకు. ఆ తర్వాత కెర్రీ, కార్క్ సరిహద్దులోని స్లీవ్ లూక్రా ప్రాంతం పోల్కాలు (చురుకైన డాన్సు ట్యూన్లు), డెనిస్ మర్ఫీ, ఆయన చెల్లెలు జూలియా క్లిఫర్డ్ కలిసి వాయించినవి. ఈ మూడూ విన్నాక ఎవరైనా "అంతా ఒకటే" అంటే నేను ఒప్పుకోను.

గాలితిత్తి

ఫిడేళ్ళ గోలలో పైప్స్ మునిగిపోతున్నాయి. ఇలన్ పైప్స్ నోటితో ఊదేవి కావు. కుడి మోచేతి కింద తిత్తితో గాలి నింపుతూ, ఎడమ చంకలో సంచి నొక్కుతూ, వేళ్ళతో ట్యూన్ వాయిస్తారు. ఇవి చాలవన్నట్టు తొడ మీద ఆనిన రెగ్యులేటర్ల మీటలను మణికట్టుతో తట్టి మధ్యమధ్యలో కార్డ్స్ పలికిస్తారు. కింద డ్రోన్లు మన తంబురాలాగా మోగుతూనే ఉంటాయి. 2017లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది.

నా ఓటు లియమ్ ఓఫ్లిన్‌కి. 1972లో క్రిస్టీ మూర్, ఆండీ అర్విన్, డోనల్ లన్నీలతో కలిసి ప్లాంక్స్టీ మొదలుపెట్టింది ఈయనే. గురుపరంపర కూడా గట్టిది, లియో రౌసమ్ దగ్గర నేర్చుకున్నాడు, విల్లీ క్లాన్సీ, షేమస్ ఎన్నిస్ దగ్గర ఇంకా పట్టాడు. 1982లో ఎన్నిస్ పోతూ తన పైప్స్ ఈయనకే ఇచ్చి పోయాడు. ఒక్కటి గమనించండి, నెమ్మది ట్యూన్‌లో స్వరం చివర గాలి తగ్గుతున్నట్టు చేసి మళ్ళీ పట్టుకుంటాడు, గమకం అలవాటున్న చెవికి అక్కడ ప్రాణం లేచొస్తుంది. వీలైతే జులైలో మిల్‌టౌన్ మాల్‌బేలో జరిగే విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్‌కి వెళ్ళండి, ఊరంతా వాయిస్తూనే ఉంటుంది.

చిన్న_విజిల్

మేరీ బర్గిన్ టిన్ విజిల్, 1979 ఆల్బం. ఆరు రంధ్రాల గొట్టంతో ఇంత చేయొచ్చా అనిపిస్తుంది. ఆల్టన్ బృందం కూడా, మరేడ్ నీ వీనీ ఫిడేలు, పాట రెండూ. అంతే నాది.

వాన_వేణువు

అందరికీ థ్యాంక్స్. హేస్ అరగంట వరస విన్నాను, కోల్‌మన్‌వి కూడా కొన్ని విన్నాను (పియానో గురించి చెప్పింది నిజమే, నవ్వొచ్చింది). ఒక్క డౌట్. రీల్, జిగ్ తేడా లెక్కపెట్టకుండా ఎలా తెలుస్తుంది?

ఎడమచేతి_ఫిడేలు

తాళం తెలిసినవాళ్ళకి సులువు. రీల్ చతురశ్ర నడక, జిగ్ తిశ్ర నడక. జిగ్‌లో బార్‌కి రెండు మూడ్లు ఉంటాయి, మూడు మూడ్లు వస్తే అది స్లిప్ జిగ్. కాలు ఆడించి చూడండి, రీల్‌కి తకధిమి కుదురుతుంది, జిగ్‌కి తకిట కుదురుతుంది. హార్న్‌పైప్ అనే ట్యూన్ రకం దగ్గర మాత్రం కాస్త తికమక, రీల్ లాగే ఉంటుంది కానీ ఊగుతూ నడుస్తుంది. దాని సంగతి తర్వాత చూద్దాం, ముందు కెవిన్ బర్క్ వాయించిన జిగ్‌లు ఓ నాలుగు వినండి.