బౌలింగ్ బాల్‌కి హుక్ (లేన్ చివర పక్కకి తిరగడం) పోయింది, టోర్నమెంట్‌కి 3 వారాలే ఉంది, ఏటి చెయ్యాలి?

బరంపురం_బౌలర్:
నమస్తే అండి. మాది బరంపురం, టెన్‌పిన్ (పది పిన్నుల్ని బాల్‌తో పడగొట్టే బౌలింగ్) ఆడాలంటే రైలెక్కి వైజాగ్ పోవాల్సిందే, నెలకి రెండుసార్లు కుదిరితే గొప్ప. నా దగ్గర 15 పౌండ్ల రియాక్టివ్ బాల్ (లేన్ మీద పట్టు దొరికి బాగా తిరిగే రకం) ఒకటి ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొదట్లో లేన్ చివర భలే తిరిగేది, ఇప్పుడు ఎంత చెయ్యి తిప్పినా నీరసంగా పోయి 10వ పిన్ (కుడి మూల చివరిది) వదిలేస్తంది. ఆడినంతసేపూ టవల్‌తో తుడుస్తానే ఉంటాను. హైదరాబాద్‌లో టోర్నమెంట్‌కి పేరిచ్చాను, ఇదే మొదటిసారి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎండలో పెడితే లేన్ మీద పీల్చిన నూనె బయటికొచ్చేస్తాదని ఒకాయన అన్నారు, డాబా మీద పెట్టేదా?

రాయగడ_స్పేర్:
వద్దు తమ్ముడూ, ఎండలో అస్సలు పెట్టకు! నా బాల్ మధ్యాహ్నమంతా కారు డిక్కీలో ఉండిపోయి వేళ్ల బొక్కల మధ్య బీట కొట్టింది, ఇప్పటికీ బాధే. లేన్ 60 అడుగులైతే మామూలుగా మొదటి 40 అడుగుల దాకా నూనె ఉంటాది, ఆ తర్వాత పొడిచోట పట్టు దొరికితేనే బాల్ తిరుగుతాది, నీ బాల్ కవర్ (పై పొర) నూనె తాగేసి ఉంటే అక్కడ పట్టు ఎలా దొరుకుతాది చెప్పు, టవల్ పైపైనే తుడుస్తాది కదా. బొక్కలకి టేప్ వేసి బకెట్‌లో చెయ్యి పెట్టగలిగేంత వేడినీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలేసి 20 నిమిషాలు ఉంచు. మరిగే నీళ్లు మాత్రం వద్దు. ఇకనుంచి ఆట అయిన వెంటనే, బాల్ వెచ్చగా ఉండగానే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకోకు.

పర్లాకిమిడి_లేన్:
అన్న చెప్పింది కరెక్ట్. కడిగాక కూడా తిరక్కపోతే ప్రో షాప్‌లో (బౌలింగ్ సామాన్ల షాపు) 2000 అబ్రలాన్ ప్యాడ్ (సన్న గరుకు సాండింగ్ ప్యాడ్) కొట్టించు. అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ రూల్స్ పెట్టుకున్న టోర్నమెంట్ అయితే మ్యాచ్ మధ్యలో బాల్‌కి సాండింగ్ చెయ్యకూడదు, 2019 ఆగస్టులో మ్యాచ్ మధ్యలో లిక్విడ్ క్లీనర్ల మీద కూడా ఆంక్షలు పెట్టారు, పొడి టవల్‌తో అయితే ఇబ్బంది లేదు. 2020 ఆగస్టు నుంచి బ్యాలెన్స్ హోల్ (బరువు సర్దడానికి వేసే అదనపు బొక్క) కూడా ఒప్పుకోరు, సెకండ్ హ్యాండ్ అన్నావు కాబట్టి వేలు పెట్టని బొక్క ఏదైనా ఉందేమో ఇవాళే చూస్కో, ఉంటే పూడ్పించాలి. ఏ రూల్స్ పాటిస్తారో వాళ్లని ముందే అడుగు. ఇంకోటి, స్పేర్లకి (మొదటి బాల్‌కి మిగిలిపోయిన పిన్నులకి) ప్లాస్టిక్ బాల్ తీస్కో, ఆ 10వ పిన్‌కి నేరుగా వేస్కోవచ్చు. రైల్లోనే పో, 15 పౌండ్లవి రెండంటేనే 13 కిలోల పైమాట, ఫ్లైట్‌లో లగేజీ డబ్బులు కట్టాల్సి రావచ్చు.

కొరాపుట్_స్ట్రైక్:
బాల్ గురించి అందరూ చెప్పారు, నేను షూస్ గురించి చెప్తా బాబూ. జారే సోల్‌కి కొంచెం తడి తగిలినా కాలు అక్కడే పట్టేస్తాది, మోకాలు పోతాది. బాత్రూమ్‌కి వెళ్లినా షూ కవర్ వేస్కో. బొటనవేలు ఏసీలో సన్నబడతాది, నాలుగు గేములయ్యాక ఉబ్బుతాది, అందుకే బొక్కలో వేసే టేప్ ముక్కలు కత్తిరించి బ్యాగ్‌లో పెట్టుకో, ఒకటి తీస్తే లూజు, ఒకటి వేస్తే టైటు. వదిలేటప్పుడు బాల్‌ని పిండి పట్టుకుంటున్నావంటే టేప్ చాలట్లేదని.

బరంపురం_బౌలర్:
అందరికీ దండాలండి. నాలుగో బొక్క లేదు, చూసుకున్నాను. నిన్న రాత్రి బకెట్‌లో పెట్టాను, తీసేసరికి బాల్ ఒళ్లంతా చెమట పట్టినట్టు నూనె చుక్కలు, నీళ్ల మీద పులుసు మీద తేలినట్టు తెట్టు కట్టింది. మూడుసార్లు నీళ్లు మార్చాను. ఆదివారం వైజాగ్ వెళ్లి ఆడి చెప్తాను.