40 ఫ్లాట్లు, మూడు పనులు, ఒక్కదానికే డబ్బు: ఓటింగ్ ఎలా పెట్టాలి?

పటమట_ఫ్లాట్లు: పటమటలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. కార్పస్ ఫండ్ (అందరం కలిపి దాచిన ఉమ్మడి నిధి) ఒక్క పనికే సరిపోతుంది. వాట్సాప్ పోల్‌లో లిఫ్ట్ మార్చడానికి 17, సోలార్‌కి 13, జనరేటర్‌కి 10 వచ్చాయి. లిఫ్ట్ గెలిచిందంటే మిగతా 23 ఫ్లాట్లవాళ్లు ఒప్పుకోవడం లేదు. పేచీ లేకుండా తేల్చే పద్ధతి ఉందా?

గుంటూరు_లెక్కలు: ఆ 23 మంది మాటలో పస ఉందండి. మీ పోల్ మొదటి ఇష్టం ఒక్కటే అడిగింది. చీటీలిచ్చి మూడు పనులకూ 1, 2, 3 అంకెలు వేయించండి. ఇలా వచ్చాయనుకోండి:

17 చీటీలు: లిఫ్ట్, జనరేటర్, సోలార్
13 చీటీలు: సోలార్, జనరేటర్, లిఫ్ట్
10 చీటీలు: జనరేటర్, సోలార్, లిఫ్ట్

ఒకటో అంకెలే లెక్కిస్తే లిఫ్ట్. తక్కువ వచ్చిన జనరేటర్‌ని తీసేసి, ఆ 10 చీటీలను రెండో అంకె చూసి పంచితే సోలార్ 23–17తో గెలుస్తుంది. రెండేసి పనులను పోటీకి పెడితే జనరేటర్ లిఫ్ట్‌ని 23–17తో, సోలార్‌ని 27–13తో ఓడిస్తుంది. అవే చీటీలు, ముగ్గురు విజేతలు! అందుకే పద్ధతి ఏదో చీటీలు విప్పకముందే మినిట్స్‌లో రాసి సంతకాలు పెట్టించండి. విప్పాక ఎవరికి నచ్చిన లెక్క వాళ్లు పట్టుకుంటారు.

కానూరు_కుర్రాడు: అంత దూరం ఎందుకండీ, తక్కువ వచ్చినదాన్ని తీసేసి పంచే రెండోదే చాలు. కృష్ణా–గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీకి ఓటేసినవాళ్లకి అంకెలు వేయడం కొత్త కాదు. రాష్ట్రపతి ఎన్నికా ఇదే లెక్క. 1969లో చెల్లిన ఓట్ల విలువ 8,36,337, గెలవడానికి కావాల్సింది 4,18,169. వి.వి.గిరికి మొదటి ప్రాధాన్యంలో 4,01,515 వచ్చాయి, సంజీవరెడ్డికి 3,13,548. కిందివాళ్ల ఓట్లు పంచాక గిరి 4,20,077కి చేరి గెలిచారు.

గుంటూరు_లెక్కలు: అక్కడ మొదట ముందున్న గిరే చివరికీ గెలిచారు కాబట్టి ఇబ్బంది కనపడదు. మీ అపార్ట్‌మెంట్‌లో అందరికీ పర్వాలేదనిపించేది జనరేటర్. ఒకటో అంకెలు తక్కువని దాన్నే మొదటి రౌండ్‌లో బయటికి పంపేస్తుంది ఈ పద్ధతి. కుర్చీకి మనిషిని ఎన్నుకోవడానికి బాగుంటుంది గానీ ఉమ్మడి ఖర్చుకి నేను వాడను.

కానూరు_కుర్రాడు: మరి మార్కులు వేస్తే? ఒకటికి 2, రెండుకి 1, మూడుకి సున్నా.

గుంటూరు_లెక్కలు: దాన్ని బోర్డా లెక్క అంటారు. పై చీటీలకు జనరేటర్ 50, సోలార్ 36, లిఫ్ట్ 34. చక్కగానే ఉంది, కానీ పనుల జాబితా రాసేవాడి చేతిలో పగ్గాలు ఉంటాయి. సోలార్‌ని చిన్నది, పెద్దది అని రెండుగా విడగొట్టండి. అందరూ చిన్నదాన్నే ముందు పెట్టి, మిగతా వరస మార్చలేదనుకుని 3, 2, 1, 0 మార్కులు వేస్తే జనరేటర్ 77, చిన్న సోలార్ 76. ఎవరి ఇష్టమూ మారలేదు, 14 మార్కుల తేడా ఒక్క మార్కుకి దిగింది.

నా ఓటు జంటల పోటీకే. మూడు పనులకి మూడు పోటీలు, అరగంట పని. దీనికో తిప్పలుంది: లిఫ్ట్ సోలార్‌ని, సోలార్ జనరేటర్‌ని, జనరేటర్ మళ్లీ లిఫ్ట్‌ని ఓడించొచ్చు. 1785లోనే కాండోర్సే అనే ఫ్రెంచ్ గణితవేత్త ఈ చిక్కు చూపించాడు. అలా వస్తే అతి తక్కువ తేడాతో ఓడినదాన్ని తీసుకుంటామని ముందే రాసుకోండి. 40 సరి సంఖ్య కాబట్టి 20–20 వస్తే లాటరీ అనీ రాయండి.

బెంజిసర్కిల్: వాట్సాప్ పోల్ మాత్రం వద్దండి. ఎవరు దేనికి వేశారో పేర్లతో కనపడుతుంది, ప్రెసిడెంట్ గారు నొక్కిందే పక్కవాళ్లూ నొక్కుతారు. పైగా ఒకటికి మించి నొక్కే వీలు ఆపకపోతే కొందరు రెండేసి నొక్కేస్తారు, మొత్తం 40 దాటిపోతుంది. అంకెలు వేయడం పెద్దవాళ్లకి కష్టమైతే, ఒప్పుకోగలిగిన ప్రతి పనికీ టిక్కు పెట్టమనండి, ఎక్కువ టిక్కులున్నది గెలుస్తుంది. కాకపోతే కొందరు పంతానికి ఒక్క టిక్కే పెడతారు, అప్పుడు మళ్లీ మీ పాత పోల్ దగ్గరికే వస్తారు.

పటమట_ఫ్లాట్లు: జంటల పోటీ పెడతాం. ఒకాయనవి మూడు ఫ్లాట్లు, మూడు చీటీలు ఇవ్వాలా?

గుంటూరు_లెక్కలు: ముందు మీ సంఘం బైలాస్ (నియమావళి) చూడండి. అందులో లేకపోతే ఖర్చు ఎలా పంచుతున్నారో ఓటూ అలాగే. మెయింటెనెన్స్ ఫ్లాటుకింతని వసూలు చేస్తుంటే మూడు చీటీలూ ఇవ్వాల్సిందే. అద్దెవాళ్లు వేసేటట్లయితే ఓనర్ దగ్గర కాగితం తెచ్చుకోమనండి, లేకపోతే ఒకే ఫ్లాట్‌కి రెండు చీటీలు పడతాయి.