బల్లకు దూరంగా ఉంచిన సహోదరుని విషయంలో మన బాధ్యత ఏమిటి?

ప్రశ్న (గాజువాక నుంచి):
అందరికీ వందనాలు. ఫిషింగ్ హార్బరులో బోటు పని చేసుకునే ఒక సహోదరుడు తాగుడు మానలేకపోతున్నందున మా సంఘపెద్దలు అతణ్ణి ఆరు నెలలుగా ప్రభువు బల్లకు, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచరణకు, దూరంగా ఉంచారు. మొన్న ఆదివారం రొట్టె పళ్లెం ఆ వరుసకు వచ్చినప్పుడు అతను చేతులు ఒడిలో పెట్టుకొని తల వంచుకొని కూర్చున్నాడు. పళ్లెం అతణ్ణి దాటించి అవతలివారికి అందించింది నేనే. ఆ క్షణంలో ‘నేను ఇలాంటివాణ్ణి కాను’ అన్న తృప్తి నాలో కలిగింది. ఇంటి వాటా గొడవలో రెండేళ్లుగా సొంత తమ్ముడితో మాట్లాడని నేను అదే చేత్తో రొట్టె తీసుకున్నాను. క్రమశిక్షణ వద్దని నేను అనడం లేదు; దాన్ని అమలుచేసే మనం మన పాపాన్ని ఏ కొలతతో చూసుకుంటున్నామన్నదే నా ప్రశ్న.

జవాబు 1:
ఆ తృప్తి లూకా 18లో ప్రభువు చెప్పిన ఉపమానంలోని పరిసయ్యుడిదే, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే ఆ మతస్థుడిదే. అతను చెప్పుకున్న ఉపవాసం, పదోవంతు అబద్ధాలని ప్రభువు ఎక్కడా అనలేదు; అక్కడే ప్రార్థిస్తున్న సుంకరితో (పన్ను వసూలు చేసేవాడితో) తనను పోల్చుకొని తానే నీతిమంతుణ్ణని నమ్ముకోవడమే అతణ్ణి చెడగొట్టింది. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో, ఎన్నో ఏళ్లు సేవ చేసిన తరువాత కూడా, పాపులలో తాను ‘ప్రధానుడను’ అని వర్తమానంలోనే చెప్పుకున్నాడు. మనమైతే సాక్ష్యం చెప్పేటప్పుడు మన పాపమంతా రక్షణకు ముందటి రోజుల్లోనే ముగిసిపోయినట్టు చెబుతాం, ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం. మీ తమ్ముడి సంగతికి మత్తయి 5:23, 24 చదవండి; అర్పణ అర్పించేముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని అక్కడ ఉంది.

జవాబు 2 (భీమిలి నుంచి):
పై సహోదరుని మాట నిజమే గానీ, ఎవరి పాపం వారు చూసుకొని ఊరుకుంటే ఆ బోటు మనిషి ఒంటరిగానే మిగిలిపోతాడు. తప్పులో చిక్కుకున్నవాణ్ణి సాత్వికంతో మంచి దారికి తీసుకురావాలని గలతీయులకు 6:1లో ఉంది. అక్కడి గ్రీకు క్రియనే మార్కు 1:19లో యాకోబు, యోహాను దోనెలో కూర్చొని వలలు బాగుచేసుకోవడానికి వాడారు. హార్బరులో ఆ పని చూసినవారికి తెలుసు: చిరిగిన వలను ఒడిలోకి లాక్కొని, ఒక్కొక్క కన్నూ ఓపికగా అల్లుతారు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయంలో కూడా, శిక్ష పొందినవాడు అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించమని పౌలు సంఘాన్ని బతిమాలుతున్నాడు. ఈ ఆరు నెలల్లో మీలో ఎవరైనా అతని ఇంటికి వెళ్లారా?

ప్రశ్న వేసినవారు:
ఎవరమూ వెళ్లలేదండి. నిన్న సాయంత్రం నేను వెళ్లాను. అతను వేటకు వెళ్లాడని, బోటు రావడానికి ఇంకా వారం పడుతుందని అతని భార్య చెప్పారు. తమ్ముడికి ఫోన్ చేశాను, తీయలేదు. ఆదివారం లోపల ఇంటికే వెళ్తాను.