‘ది బర్డ్స్’లో పక్షులు ఎందుకు దాడి చేశాయో చెప్పకపోవడం బలమా, లోపమా?

రెండో ఆట:
హిచ్‌కాక్ సినిమాలన్నిటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది 1963లో వచ్చిన ‘ది బర్డ్స్’. ఎక్కువ అసంతృప్తి మిగిల్చిందీ అదే. చూడనివారి కోసం కథ నాలుగు మాటల్లో చెబుతాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో మెలనీ అనే సంపన్నుల ఇంటి అమ్మాయికి పక్షుల దుకాణంలో మిచ్ అనే లాయరు పరిచయమవుతాడు. అతని చెల్లెలి పుట్టినరోజుకు రెండు లవ్ బర్డ్స్‌ను పంజరంలో పెట్టుకుని ఆమె బొడేగా బే అనే తీరపు ఊరికి వెళుతుంది. పడవలో వస్తుండగా ఒక సీగల్ దూసుకొచ్చి ఆమె నుదుటిని గాయపరుస్తుంది. అక్కడి నుంచి పక్షులు ఆ ఊరి మీద విరుచుకుపడుతూనే ఉంటాయి. మనుషులు చనిపోతారు. చివరికి మెలనీ, మిచ్, అతని తల్లి, చెల్లెలు కారెక్కి ఊరు విడిచి వెళ్ళిపోతారు.

ఎందుకిలా జరిగింది అన్న ప్రశ్నకు రెండు గంటల సినిమాలో జవాబు లేదు. మూడేళ్ల ముందు ‘సైకో’ చివర మనోవైద్యుణ్ణి ప్రవేశపెట్టి హంతకుడి మనసునంతా విడమరిచి చెప్పించిన దర్శకుడే ఇక్కడ నోరు విప్పలేదు. ముడి వేసినవాడు విప్పాలి. విప్పకుండా లేచి వెళ్ళిపోవడాన్ని గొప్ప కళ అని మెచ్చుకోవడం నాకు నచ్చదు. మీరేమంటారు?

పాత రీలు:
రెండో ఆట గారూ, జవాబు లేదన్న మాట నిజమే. అయితే ఆ ప్రశ్నను సినిమా వదిలేయలేదు. బడి పిల్లల మీద కాకులు దాడి చేసిన తరువాత వచ్చే హోటల్ సన్నివేశం ఒక్కటి మళ్ళీ చూడండి. సినిమా మొత్తానికీ ప్రాణం అక్కడ ఉందని నేను నమ్ముతాను.

మెలనీ ఫోనులో తండ్రికి జరిగింది చెబుతూ ఉంటుంది. సిగరెట్ల కోసం వచ్చిన మిసెస్ బండీ అనే పెద్దావిడ ఆ మాటలు విని తగులుకుంటుంది. ఆవిడకు పక్షుల శాస్త్రం తెలుసు. 14 కోట్ల సంవత్సరాలుగా భూమి మీద ఉన్న పక్షులు మనిషి మీద యుద్ధానికి ఇన్నాళ్ళు ఆగుతాయా అని నిలదీస్తుంది. వేర్వేరు జాతుల పక్షులు కలిసి గుంపు కట్టవని ఖాయంగా చెబుతుంది. పక్కన తాగి కూర్చున్నవాడు బైబిలు వాక్యాలు చదివి ఇది ప్రళయమంటాడు. ఇంకొకాయన తుపాకులు తీసుకుని అన్నిటినీ చంపేయండి, పీడ పోతుంది అంటాడు. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, నా పిల్లలు భయపడుతున్నారు, ఆ మాటలు ఆపండి అని బతిమాలుతుంది. శాస్త్రం, మతం, తుపాకీ, భయం. కారణం వెతికే మనుషులు పట్టుకునే కొమ్మలన్నీ ఆ ఒక్క గదిలో ఉన్నాయి.

అప్పుడే బయట దాడి మొదలవుతుంది. పెట్రోలు బంకులో ఒకతను సీగల్ దెబ్బకు పడిపోతాడు, పెట్రోలు వీధంతా పారుతుంది, సంగతి తెలియని ఒకాయన చుట్ట ముట్టించుకోవడానికి అగ్గిపుల్ల గీస్తాడు. అదంతా అయ్యాక మెలనీ తిరిగి హోటల్లోకి వస్తే ఆడవాళ్ళందరూ నడవాలో ఒదిగి కూర్చుని ఉంటారు. మిసెస్ బండీ మనకు వీపు తిప్పి కూర్చుంటుంది. అప్పుడు ఆ తల్లి మెలనీ వైపు తిరిగి, నువ్వొచ్చాకే ఇదంతా మొదలైంది, నువ్వు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చావు, దీనికంతటికీ కారణం నువ్వే, నువ్వు దుష్టురాలివి అని అరుస్తుంది. ఆ అరుపు వేళ కెమెరా మెలనీ నిలబడిన చోటే ఉంటుంది. ఆ నింద మన ముఖం మీద పడుతుంది.

కారణం కావాలన్న తహతహ చివరికి ఎక్కడికి చేరుతుందో హిచ్‌కాక్ అక్కడ చూపించాడు. దొరికిన మనిషిని దోషిని చేస్తుంది, అందులోనూ ఊరికి కొత్తగా వచ్చిన ఒంటరి ఆడదాన్ని. సినిమా ఒక కారణాన్ని చెప్పి ఉంటే ఆ తల్లి కేక అర్థం కోల్పోయేది, సరైన జవాబు తెలియని ఒక అమాయకురాలి పొరపాటుగా మిగిలిపోయేది. జవాబు లేనందువల్లే ఆ కేక మనందరిదీ అయింది.

తీరప్రాంతం:
నేను సముద్ర జీవశాస్త్రం చదువుకున్నాను. ఈ చర్చలో 1961 సంగతి రావాలి. ఆ ఏడాది ఆగస్టు 18 తెల్లవారుజామున కాలిఫోర్నియాలోని మాంటెరే బే తీరాన కాపిటోలా పరిసరాల్లో సూటీ షియర్‌వాటర్ అనే సముద్రపక్షులు గుంపులు గుంపులుగా వచ్చి ఇళ్ళకు, దీపస్తంభాలకు కొట్టుకుని పడ్డాయి. రోడ్ల మీద చచ్చిన పక్షులు, అవి కక్కిన నెత్తళ్ళ ముక్కలు. హిచ్‌కాక్ అప్పటికే పక్షుల కథ మీద పనిచేస్తున్నాడు. ఆ వార్త వేసిన శాంటా క్రూజ్ పత్రికను తెప్పించుకున్నాడు. అప్పట్లో పొగమంచులో దారితప్పి దీపాల వైపు వచ్చాయనుకున్నారు.

1991లో అదే మాంటెరే బేలో గోధుమ రంగు పెలికాన్లు మత్తెక్కినట్టు తూలి చనిపోయాయి. పరిశోధకులు కారణం పట్టుకున్నారు. స్యూడో నిట్షియా అనే సూక్ష్మ శైవలం (కంటికి కనిపించనంత చిన్న నాచు) డొమోయిక్ ఆమ్లం అనే విషాన్ని తయారుచేస్తుంది. ప్లవకాలు, అంటే నీటిలో తేలాడే చిన్న జీవులు, దాన్ని తింటాయి, వాటిని నెత్తళ్ళు తింటాయి, నెత్తళ్ళను పక్షులు తింటాయి. విషం నేరుగా మెదడు మీద పనిచేస్తుంది. 1961 నాటి ప్లవకాల నమూనాలు భద్రంగా దాచి ఉంచారు కనుక వాటి కడుపుల్లో ఏముందో తరువాత పరీక్షించగలిగారు. 2011 చివర్లో వెలువడిన ఆ పరిశోధనలో, అవి తిన్న శైవలాల్లో దాదాపు 79 శాతం ఆ విషం చేసే రకాలేనని తేలింది. అంటే ఆనాటి పక్షులకూ అదే జరిగి ఉండాలనడానికి బలమైన ఆధారం.

నా ఉద్దేశం ఒకటే. ఆ పక్షులు ఎవరి మీదికీ కక్షతో రాలేదు. అవే చచ్చిపోతున్నాయి. ఆ ఘటనను ప్రస్తావించి, పక్షులు తిరగబడ్డాయి, హిచ్‌కాక్ తీసింది నిజమే అని రాసేవారిని చూస్తే బాధ కలుగుతుంది. సినిమా కారణం చెప్పకపోతే జనం ఊహలతో ఆ ఖాళీ నింపుతారు, ఆ ఊహల్లో నష్టపోయేది పక్షులే. మన అస్సాంలోని జటింగాలోనూ ఇదే తంతు. సెప్టెంబరు, నవంబరు మధ్య పొగమంచు రాత్రుల్లో దీపాల వెలుగుకు పక్షులు దిగి పడతాయి. వాటిని కర్రలతో కొట్టి చంపింది మనుషులు. పేరు మాత్రం పక్షుల ఆత్మహత్యలని పెట్టారు.

రెండో ఆట:
తీరప్రాంతం గారి మాట నా వాదనకు ఊతమిచ్చింది. పాత రీలు గారికి ఒక ప్రశ్న. ఆ తల్లి నింద అన్యాయమని మీరంటున్నారు. కానీ అనుమానం మొదట నాటింది దర్శకుడే కదా. మొదటి దెబ్బ పడింది మెలనీకే. ఆమె ఉన్న చోటికే పక్షులు వస్తాయి. మిచ్ తల్లి లిడియా, తన కొడుకును ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు ఆమెను చూస్తుంది. ఇంకో పక్క మిచ్‌ను ప్రేమించి భంగపడిన టీచరు ఆనీ. ఆడవాళ్ళ మధ్య రాజుకున్న ఉద్రేకమే పక్షుల రూపంలో వచ్చిందని రాసిన విమర్శకులు ఎందరో ఉన్నారు. ఒక చేత్తో అనుమానం విత్తుతూ ఇంకో చేత్తో అనుమానించినవారిని తప్పుపట్టడం ఏం న్యాయం?

ఇక పై అంతస్తు గదిలో పక్షులు మెలనీని పొడిచే దృశ్యం. నటి టిప్పి హెడ్రెన్‌కు యంత్రపు పక్షులు వాడతామని చెప్పి, తీరా చిత్రీకరణ నాటికి నిజమైన పక్షులను ఆమె మీదికి విసిరించారు. ఐదు రోజులు అలా తీశారు. కంటికి దగ్గరలో గాయమైంది, వైద్యుడు విశ్రాంతి అవసరమని చెప్పాడు. ఇది ఆవిడే తన 2016 ఆత్మకథలో చెప్పుకున్నది, దర్శకుడు తనను వేధించాడన్న ఆరోపణలతో సహా. కథలో కారణమే లేనప్పుడు ఆ అమ్మాయి ఒంటరిగా ఆ మెట్లు ఎక్కడం, అంతసేపు ఆ హింస పడడం దేనికోసం? శిక్షలా కనిపిస్తోంది, నేరం మాత్రం కనిపించదు.

నేల టికెట్టు:
మీరందరూ కథలో వెతుకుతున్నారు, నేను చెవులతో చూసినవాణ్ణి. ఈ సినిమాకు నేపథ్య సంగీతం లేదు. ‘సైకో’కు అంత సంగీతమిచ్చిన బెర్నార్డ్ హెర్మన్ ఇక్కడ శబ్దాల సలహాదారుగా మాత్రమే పనిచేశాడు. పక్షుల అరుపులను, రెక్కల చప్పుడును జర్మనీలో ఆస్కార్ సాలా ట్రౌటోనియం అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద తయారుచేశాడు.

బడి ఆవరణ దృశ్యం చూడండి. మెలనీ బెంచీ మీద కూర్చుని సిగరెట్టు తాగుతుంది. లోపల పిల్లలు పాట పాడుతున్నారు, అది అయిపోయినట్టే అయి మళ్ళీ మొదలవుతుంది. ఆమె వెనక పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనుప చట్రం మీద ఒక కాకి వాలుతుంది. తరువాత ఇంకొన్ని. ఆ తరువాత కెమెరా మెలనీ ముఖం మీదే ఉండిపోతుంది, చాలాసేపు. ఆకాశంలో ఒక్క కాకి ఎగురుతుంటే ఆమె కళ్ళు దాన్ని వెంబడిస్తాయి. అది వెళ్ళి వాలేసరికి ఆ చట్రం మొత్తం నల్లగా కాకులు.

సంగీతం ఉంటే మనం ఎప్పుడు భయపడాలో, ఎవరికోసం ఏడవాలో అది చెబుతుంది. దాన్ని తీసేయడమూ, కారణాన్ని తీసేయడమూ ఒకే నిర్ణయం. పిల్లల పాట అక్కడ జరగబోయేదాన్ని లెక్కచేయదు. పక్షులూ అంతే. ఆ నిర్లక్ష్యమే భయం.

కారణం చెబితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే 2018లో తెలుగులోనూ విడుదలైన శంకర్ ‘2.0’ చూడండి. సెల్ టవర్ల రేడియేషన్ వల్ల పక్షులు చస్తున్నాయని కుమిలి ప్రాణం తీసుకున్న పక్షిప్రేమికుడు పక్షిరూపంలో పగ తీర్చుకుంటాడు. ఆ పాత్ర గతం వింటున్నప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ ఆ క్షణం నుంచి భయం పోయింది. ప్రతినాయకుడి బాధ అర్థమైంది కనుక నాయకుడు ఎలా గెలుస్తాడా అన్నదే మిగిలింది.

తీరప్రాంతం:
నేల టికెట్టు గారూ, ఆ సినిమా చూసి పిచ్చుకల గురించి మాట్లాడుకున్న పిల్లలు ఉన్నారు, అది చిన్న మేలు కాదు. అయితే రేడియేషన్ పక్షుల్ని అలా చంపుతుందన్నది శాస్త్రంలో నిలబడిన సంగతి కాదని కూడా చెప్పాలి. తప్పుడు కారణం కన్నా మౌనం నయమా అంటే, ఆ ఒక్క విషయంలో పాత రీలు గారి వైపే ఉంటాను.

పాత రీలు:
రెండో ఆట గారి ప్రశ్న గట్టిది. పై అంతస్తు గదిలో జరిగిన చిత్రీకరణను నేను సమర్థించను. ఒక మనిషిని నమ్మించి అలా చేయడం తప్పే, సినిమా ఎంత గొప్పదైనా తప్పే. దాన్ని పక్కన పెట్టి కళను మెచ్చుకోమని ఎవరినీ అడగను.

అనుమానం నాటింది దర్శకుడే అన్నారు. అవును, నాటాడు. మనమూ ఆ తల్లిలాగే ఆలోచించేటట్టు చేసి, ఆ తరువాత ఆ ఆలోచన ముఖాన్ని మనకు చూపించాడు. మూలకథలోనూ ఈ బీజం ఉంది. డాఫ్నీ డు మారియే 1952లో రాసిన కథ ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరంలో జరుగుతుంది. యుద్ధంలో గాయపడిన ఒక పొలం కూలీ, అతని భార్యాపిల్లలు, రేడియోలో వచ్చి ఆగిపోయే వార్తలు. అక్కడ పక్షులు దాడి చేస్తుంటే పట్నంలో జనం ఏమనుకుంటున్నారో తెలుసా? రష్యావాళ్ళు పక్షులకు విషం పెట్టారట. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో చేతికందిన దోషి వాళ్ళు. పదకొండేళ్ళ తరువాత హోటల్లో చేతికందింది మెలనీ.

ఇంకొకటి. చివర్లో కారెక్కేటప్పుడు మిచ్ చిన్న చెల్లెలు క్యాథీ, లవ్ బర్డ్స్‌ను తీసుకెళ్ళవచ్చా, అవి ఎవరికీ హాని చేయలేదు అని అడుగుతుంది. తన టీచరు పక్షుల చేతిలో చనిపోవడం కళ్ళారా చూసిన పిల్ల ఆ మాట అంటుంది. మిచ్ సరే అంటాడు. ఊరంతా నిందించడానికి ఎవరో ఒకరిని వెతుకుతుంటే ఆ పిల్ల ఆ పని చేయలేదు.

రెండో ఆట:
క్యాథీ మాట బాగా పట్టుకున్నారు, ఆ వైపు నుంచి ఆ పంజరాన్ని నేను చూడలేదు. హోటల్ దృశ్యం వరకు మీ వాదన నిలుస్తుంది. ముగింపు దగ్గర మాత్రం నా మనసు ఒప్పుకోవడం లేదు. స్క్రీన్‌ప్లే రాసిన ఇవాన్ హంటర్ ఇంకా ముందుకు రాశాడు. దారి పొడవునా ధ్వంసమైన ఊరు, కారు గుడ్డ కప్పును పక్షులు చీల్చుకుని రావడం అందులో ఉన్నాయి. హిచ్‌కాక్ దాన్ని తీయలేదు. గోల్డెన్ గేట్ వంతెన నిండా పక్షులు ఉన్న దృశ్యంతో ముగించాలన్న ఆలోచననూ వదిలేశాడు. 32 వేర్వేరు చిత్రాలను కలిపి ఆఖరి దృశ్యం కూర్చి, ‘సమాప్తం’ అన్న అక్షరాలు కూడా వేయకుండా వదిలాడు. కారణం చెప్పకపోవడానికి మీరిచ్చిన సమర్థన ఇక్కడ సరిపోదు. పక్షులు ఎందుకు వచ్చాయో చెప్పనక్కరలేదు, సరే. ఆ నలుగురూ శాన్‌ఫ్రాన్సిస్కో చేరారా లేదా అన్నది మాత్రం చెప్పాల్సింది. వాళ్ళ కోసం రెండు గంటలు ఊపిరి బిగబట్టింది నేను.

నేల టికెట్టు:
శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్షులు లేవని సినిమా ఎక్కడా చెప్పలేదు కదండీ. మొదటి దృశ్యమే అక్కడిది. మెలనీ దుకాణంలోకి అడుగుపెట్టే ముందు తలెత్తి చూసేది ఆకాశంలో గుంపు కట్టిన సీగల్స్‌నే. వాళ్ళు వెళుతున్నది ఆ ఊరికే.